సొంత కంప్యూటర్‌కూ లినక్స్ సర్వర్‌కూ మధ్య ఫైళ్లు పంపుకోవడం: సమగ్ర మార్గదర్శి

మన ఎదుట ఉన్న కంప్యూటర్‌లో తయారైన ఫైలును ఎక్కడో దూరాన నడుస్తున్న లినక్స్ సర్వర్‌లోకి చేర్చడం, అక్కడ పోగైన లాగ్‌లనో బ్యాకప్‌లనో ఇక్కడికి తెచ్చుకోవడం, సర్వర్‌తో పనిచేసే ప్రతి ఒక్కరికీ తరచూ పడే పని. దీనికి వాడే సాధనాలు మూడే మూడు (ఎస్‌సీపీ, ఎస్‌ఎఫ్‌టీపీ, ఆర్‌సింక్), అన్నీ ఉచితంగా దొరికేవే, వాటి ప్రాథమిక కమాండ్లు నేర్చుకోవడానికి ఒక పూట చాలు. అయితే ఈ పనిలో వచ్చే చిక్కుల్లో కమాండ్ గుర్తులేక వచ్చేవి తక్కువ. ఏ ఫైలు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తోందో చూసుకోకుండా ఎంటర్ నొక్కడం వల్ల, వెళ్లిన ఫైలు పూర్తిగా చేరిందో లేదో సరిచూసుకోకపోవడం వల్ల వచ్చేవే ఎక్కువ. అందుకే ఈ మార్గదర్శిలో కమాండ్లతో పాటు ఆ రెండు విషయాల దగ్గర కాస్త ఎక్కువ సేపు ఆగుతాను.

కమాండ్లన్నిటినీ పలికే తీరులోనే తెలుగు లిపిలో ఇచ్చాను. టెర్మినల్‌లో (కమాండ్లు ఇచ్చే విండోలో) వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాలతో టైపు చేయాలి. క్యాపిటల్ అక్షరం కావలసిన చోట ఆ మాట ప్రత్యేకంగా చెప్పాను. కమాండ్‌లో యూజర్ అని ఉన్నచోట సర్వర్‌లో మీ లాగిన్ పేరును, సర్వర్ అని ఉన్నచోట దాని ఐపీ చిరునామాను గానీ డొమైన్ పేరును గానీ పెట్టుకోవాలి.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

సర్వర్ అప్పగించినవారి నుంచి నాలుగు వివరాలు తీసుకోవాలి: చిరునామా, లాగిన్ పేరు, పాస్‌వర్డ్ లేదా కీ (పాస్‌వర్డ్‌కు బదులు పనిచేసే ఫైలు), ఎస్ఎస్‌హెచ్ (దూరపు యంత్రంలోకి రక్షణతో లాగిన్ అయ్యే పద్ధతి) పోర్టు సంఖ్య. పోర్టు గురించి ప్రత్యేకంగా ఏమీ చెప్పకపోతే అది 22 అనుకోవచ్చు. ఇక్కడ చెప్పబోయే సాధనాలన్నీ ఎస్ఎస్‌హెచ్ మీదనే నడుస్తాయి కాబట్టి, ఎస్ఎస్‌హెచ్‌తో లాగిన్ కాగలిగితే చాలు, ఫైళ్ల కోసం సర్వర్‌లో వేరే సర్వీసు పెట్టనక్కర్లేదు, ఫైర్‌వాల్‌లో మరో పోర్టు తెరవనక్కర్లేదు.

పాత పుస్తకాల్లో, కొన్ని హోస్టింగ్ సంస్థల సహాయ పేజీల్లో ఇప్పటికీ ఎఫ్‌టీపీ అనే పాత ఫైలు బదిలీ పద్ధతి కనిపిస్తుంది. మామూలు ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్, ఫైలు రెండూ ఏ రక్షణా లేకుండా నెట్‌వర్క్ మీద ప్రయాణిస్తాయి, దారిలో ఎవరైనా వాటిని చదవవచ్చు. ఫిన్లాండ్‌కు చెందిన తాతు యూలోనెన్ తన విశ్వవిద్యాలయ నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌లు ఇలాగే చోరీ అయిన తర్వాత 1995లో ఎస్ఎస్‌హెచ్‌ను రూపొందించాడు. నేటి లినక్స్ సర్వర్లలో దాదాపు అన్నిటా ఉన్నది 1999లో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ బృందం మొదలుపెట్టిన ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్. కాబట్టి ఎఫ్‌టీపీని పూర్తిగా పక్కన పెట్టమనే నా సలహా. పేరు దగ్గరగా ఉన్నా ఎస్‌ఎఫ్‌టీపీ వేరు. అది ఎస్ఎస్‌హెచ్‌లో భాగం, నిశ్చింతగా వాడుకోవచ్చు.

లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ ఎస్ఎస్‌హెచ్ క్లయింట్ ముందే ఉంటుంది. విండోస్ 10కు 2018లో వచ్చిన అప్‌డేట్ల నుంచి అందులోనూ ఉంటోంది, పవర్‌షెల్ తెరిచి వాడుకోవచ్చు. ఎస్ఎస్‌హెచ్ అని టైపు చేసి, ఒక ఖాళీ వదిలి, హైఫన్ పక్కన క్యాపిటల్ వీ పెట్టి ఎంటర్ నొక్కితే వెర్షన్ సంఖ్య వస్తుంది. ఆ సంఖ్యను గుర్తుంచుకోండి, ఎస్‌సీపీ దగ్గర దానితో పని పడుతుంది.

తొలి లాగిన్, కీ ఏర్పాటు

ఫైలు పంపే ముందు ఒకసారి మామూలుగా లాగిన్ కావాలి:

ఎస్ఎస్‌హెచ్ యూజర్@సర్వర్

తొలిసారి అయితే, ఈ సర్వర్ మీకు కొత్త, దీని వేలిముద్ర (గుర్తింపు సంకేతం) ఇది, కొనసాగమంటారా అని టెర్మినల్ అడుగుతుంది. చాలామంది చదవకుండానే యెస్ అని కొట్టేస్తారు. మీరు మాట్లాడుతున్నది నిజంగా మీ సర్వర్‌తోనేనా, మధ్యలో మరొకరు కూర్చున్నారా అని తేల్చుకునే అవకాశం ఇదొక్కటే కాబట్టి దీన్ని వదులుకోకూడదు. సర్వర్ అద్దెకు ఇచ్చిన సంస్థ తన వెబ్ కన్సోల్ ద్వారా సర్వర్‌ను నేరుగా చూపిస్తుంటే, అక్కడ ఈ కమాండ్ నడిపి వచ్చిన వేలిముద్రను మీ టెర్మినల్‌లో కనిపిస్తున్న దానితో పోల్చండి:

ఎస్ఎస్‌హెచ్-కీజెన్ -ఎల్ఎఫ్ /ఈటీసీ/ఎస్ఎస్‌హెచ్/ఎస్ఎస్‌హెచ్_హోస్ట్_ఈడీ25519_కీ.పబ్

రెండూ ఒకటే అయితే అంగీకరించండి. ఆ వేలిముద్ర మీ కంప్యూటర్‌లోని నోన్_హోస్ట్స్ అనే ఫైలులో నమోదవుతుంది, మళ్లీ అడగదు. తర్వాత ఎప్పుడైనా వేలిముద్ర మారిందని పెద్ద హెచ్చరిక వస్తే, సర్వర్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేశారా, ఐపీ చిరునామా వేరే యంత్రానికి వెళ్లిందా అని కనుక్కున్న తర్వాతే పాత నమోదును తొలగించాలి. ఎస్ఎస్‌హెచ్-కీజెన్ పక్కన హైఫన్ క్యాపిటల్ ఆర్, దాని తర్వాత సర్వర్ పేరు ఇస్తే ఆ నమోదు పోతుంది.

పాస్‌వర్డ్‌తో పని జరుగుతుంది గానీ, రోజుకు నాలుగుసార్లు ఫైళ్లు పంపేవారికి కీ తప్పనిసరి అని నా ఉద్దేశం. ఊహించి కనుక్కోవడం కుదరదు కాబట్టి భద్రత ఎక్కువ, ప్రతిసారీ టైపు చేసే శ్రమ తక్కువ. మీ కంప్యూటర్‌లో ఈ కమాండ్ ఇవ్వండి:

ఎస్ఎస్‌హెచ్-కీజెన్ -టీ ఈడీ25519

ఎక్కడ దాచాలో అడిగినప్పుడు ఎంటర్ నొక్కండి, పాస్‌ఫ్రేజ్ అడిగినప్పుడు మాత్రం ఖాళీగా వదలకుండా ఒకటి పెట్టండి. రెండు ఫైళ్లు తయారవుతాయి. పేరు చివర పబ్ అని ఉన్నది బహిరంగ కీ, దాన్ని ఎవరికైనా ఇవ్వవచ్చు. రెండోది రహస్య కీ, అది మీ కంప్యూటర్ దాటి ఎక్కడికీ వెళ్లకూడదు, ఈమెయిల్‌లో గానీ చాట్‌లో గానీ పంపకూడదు. బహిరంగ కీని సర్వర్‌లో చేర్చడానికి లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ సులభమైన మార్గం ఉంది:

ఎస్ఎస్‌హెచ్-కాపీ-ఐడీ యూజర్@సర్వర్

విండోస్‌లో ఈ కమాండ్ ఉండదు. అక్కడ పబ్ ఫైలులోని ఒకే ఒక్క వరుసను కాపీ చేసుకుని, సర్వర్‌లోకి లాగిన్ అయి, హోమ్ ఫోల్డర్‌లో ఉండే చుక్క ఎస్ఎస్‌హెచ్ అనే ఫోల్డర్‌లోని ఆథరైజ్డ్_కీస్ అనే ఫైలు చివర అతికించాలి. ఆ ఫోల్డర్‌కు 700, ఆ ఫైలుకు 600 పర్మిషన్లు (అంటే యజమానికి తప్ప ఇతరులకు ఏ హక్కూ లేనివి) ఉండేలా చూడాలి. ఇతరులు రాయగలిగే స్థితిలో అవి ఉంటే సర్వర్ ఆ కీని నమ్మదు. పైకి కారణం చెప్పకుండా మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది, కీ పెట్టినా పనిచేయడం లేదనే ఫిర్యాదుల్లో ఎక్కువ వాటికి మూలం ఇక్కడే ఉంటుంది.

ఇదే ఊపులో, మీ కంప్యూటర్‌లోని చుక్క ఎస్ఎస్‌హెచ్ ఫోల్డర్‌లో కాన్ఫిగ్ అనే ఫైలు తెరిచి సర్వర్‌కు ఒక ముద్దుపేరు పెట్టుకోండి:

హోస్ట్ వెబ్
హోస్ట్‌నేమ్ 203.0.113.10
యూజర్ మీ_లాగిన్_పేరు
పోర్ట్ 2222

ఇక మీదట అన్ని సాధనాల్లోనూ యూజర్, ఎట్ గుర్తు, చిరునామా, పోర్టు అన్నిటికీ బదులు వెబ్ అనే ఒక్క మాట సరిపోతుంది. టైపింగ్ తగ్గడం కంటే ముఖ్యమైన లాభం మరొకటి ఉంది. పరీక్షల సర్వర్‌కు ఒక పేరు, అసలు సర్వర్‌కు మరో పేరు పెట్టుకుంటే, ఒకదానికి పంపబోయి మరొకదానికి పంపే ప్రమాదం బాగా తగ్గుతుంది.

దారిని చదవడం

ఎస్‌సీపీ, ఆర్‌సింక్ కమాండ్లలో వరుస ఎప్పుడూ ఒక్కటే: ముందు మూలం, తర్వాత గమ్యం. సర్వర్‌లో ఉన్నదానికి సర్వర్ పేరు, దాని వెంటనే కోలన్, ఆపైన దారి (ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్పే వరుస) ఉంటాయి. మన కంప్యూటర్‌లో ఉన్నదానికి దారి ఒక్కటే ఉంటుంది. సర్వర్ పేరు రెండో స్థానంలో ఉంటే పంపుతున్నారు, మొదటి స్థానంలో ఉంటే తెచ్చుకుంటున్నారు. ఎంటర్ నొక్కే ముందు ఈ ఒక్క విషయాన్ని మనసులో చదువుకునే అలవాటు చేసుకుంటే చాలు, కొత్త ఫైలు మీద పాతది పడి చెరిగిపోయే సందర్భాలు రావు.

కోలన్ విషయం దగ్గరగా చూద్దాం. గమ్యాన్ని యూజర్@సర్వర్ అని రాసి చివర కోలన్ మరిచిపోతే ఎస్‌సీపీ ఏ తప్పూ చూపించదు. యూజర్@సర్వర్ అనే పేరుతో మీ సొంత కంప్యూటర్‌లోనే ఒక నకలు తయారుచేసి, పని అయిపోయినట్టు నిశ్శబ్దంగా ముగుస్తుంది. మీరు సర్వర్‌లోకి వెళ్లి వెతికితే అక్కడ ఏమీ ఉండదు. పంపిన ఫైలు మాయమైందనిపించినప్పుడు ముందుగా మీ కంప్యూటర్‌లోని ప్రస్తుత ఫోల్డర్‌లో అలాంటి వింత పేరు ఉందేమో చూడండి. దీనికి తిరగబడిన చిక్కు కూడా ఒకటి ఉంది. ఫైలు పేరులో 10:30 లాంటి సమయం ఉంటే, అందులోని కోలన్‌ను చూసి ఎస్‌సీపీ దాన్ని సర్వర్ పేరుగా పొరబడుతుంది. పేరుకు ముందు చుక్క, ముందుకు వాలిన గీత (./) చేరిస్తే అది మన కంప్యూటర్‌లోని ఫైలే అని దానికి అర్థమవుతుంది.

కోలన్ తర్వాత ఏమీ రాయకపోతే గమ్యం సర్వర్‌లోని మీ హోమ్ ఫోల్డర్. కోలన్ తర్వాత గీతతో మొదలుపెడితే డిస్క్ మూలం నుంచి పూర్తి దారి. గీత లేకుండా ఫోల్డర్ పేరుతో మొదలుపెడితే హోమ్ లోపలి దారి. పేర్లలో ఖాళీలు ఉంటే మొత్తం దారిని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలి.

ఒకటి రెండు ఫైళ్లకు ఎస్‌సీపీ

ఫైలు పంపడానికి:

ఎస్‌సీపీ నివేదిక.పీడీఎఫ్ యూజర్@సర్వర్:పత్రాలు/

తెచ్చుకోవడానికి, చివరి చుక్కకు ప్రస్తుత ఫోల్డర్ అని అర్థం:

ఎస్‌సీపీ యూజర్@సర్వర్:/వార్/లాగ్/సిస్‌లాగ్ .

ఫోల్డర్ మొత్తం కావాలంటే ఎస్‌సీపీ పక్కన హైఫన్ ఆర్ చేర్చాలి. పోర్టు 22 కాకపోతే హైఫన్ క్యాపిటల్ పీ, ఆపైన సంఖ్య ఇవ్వాలి. ఎస్ఎస్‌హెచ్ కమాండ్‌లో ఇదే పనికి చిన్న పీ వాడతాం. ఎస్‌సీపీలో చిన్న పీ అంటే ఫైలు తేదీలను, పర్మిషన్లను అలాగే ఉంచమని అర్థం. ఈ తేడా ఎంత అనుభవం ఉన్నవారినైనా ఒక నిమిషం తికమక పెడుతుంది కాబట్టి పోర్టును కాన్ఫిగ్ ఫైలులోనే రాసుకోవడం మంచిది.

2022 ఏప్రిల్‌లో వచ్చిన ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ 9.0 నుంచి ఎస్‌సీపీ కమాండ్ లోపల ఎస్‌ఎఫ్‌టీపీ పద్ధతినే వాడుతోంది. పాత పద్ధతిలో భద్రతా లోపాలు ఉండటమే దీనికి కారణం. వాడేవారికి మామూలుగా తేడా తెలియదు. అయితే పాత రౌటర్ల వంటి చిన్న పరికరాల్లో ఎస్‌ఎఫ్‌టీపీ లేకపోతే సబ్‌సిస్టమ్ రిక్వెస్ట్ ఫెయిల్డ్ అనే సందేశంతో పని ఆగిపోతుంది. అప్పుడు హైఫన్ క్యాపిటల్ ఓ చేరిస్తే పాత పద్ధతిలోనే వెళ్తుంది.

ఎస్‌సీపీకి ఒక పరిమితి ఉంది. మధ్యలో నెట్ పోతే మిగిలిన భాగం నుంచి మొదలుపెట్టడం దానికి తెలియదు, మళ్లీ మొదటి నుంచి పంపాల్సిందే. పైగా అది గమ్యంలోని ఫైలు మీదనే నేరుగా రాస్తుంది కాబట్టి, ఆగిపోయిన చోట సగం ఫైలు అసలు పేరుతోనే మిగిలిపోతుంది. చిన్న ఫైళ్లకు ఇది పట్టించుకోనక్కర్లేదు.

వెతుక్కుంటూ పంపాలంటే ఎస్‌ఎఫ్‌టీపీ

దారి కచ్చితంగా తెలియనప్పుడు ఎస్‌ఎఫ్‌టీపీ యూజర్@సర్వర్ అని ఇచ్చి లోపలికి వెళ్లవచ్చు. అక్కడ ఎల్‌ఎస్, సీడీ, పీడబ్ల్యూడీ కమాండ్లు సర్వర్ వైపు పనిచేస్తాయి, వాటి ముందు మరో ఎల్ చేర్చితే మన కంప్యూటర్ వైపు పనిచేస్తాయి. పుట్ అంటే పంపడం, గెట్ అంటే తెచ్చుకోవడం. ఆగిపోయినదాన్ని కొనసాగించడానికి రీపుట్, రీగెట్ ఉన్నాయి. బై అంటే బయటికి వస్తాం.

మౌస్‌తో పనిచేయడం ఇష్టపడేవారికి ఫైల్‌జిల్లా అన్ని సిస్టమ్‌ల మీదా, విన్‌ఎస్‌సీపీ విండోస్ మీదా దొరుకుతాయి. కనెక్షన్ పెట్టేటప్పుడు ప్రోటోకాల్ దగ్గర ఎఫ్‌టీపీకి బదులు ఎస్‌ఎఫ్‌టీపీని ఎంచుకోవడం మరవకండి.

అలవాటు చేసుకోవలసినది ఆర్‌సింక్

వెబ్‌సైట్, ఫొటోల సంచయం, బ్యాకప్ ఇలా మళ్లీ మళ్లీ పంపవలసిన ఫోల్డర్లకు ఆర్‌సింక్‌ను మించినది లేదు. ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మాకెరాస్ 1996లో విడుదల చేసిన ఈ సాధనం రెండు వైపులా ఉన్న ఫైళ్లను పోల్చి, మారినవాటినే పంపుతుంది. పెద్ద ఫైలులో కొంత భాగమే మారితే, రెండు వైపులా ముక్కలవారీగా చెక్‌సమ్‌లు (సమాచారం నుంచి లెక్కించే చిన్న గుర్తింపు సంఖ్యలు) లెక్కించి, తేడా ఉన్న భాగాన్ని మాత్రమే నెట్‌వర్క్ మీద పంపుతుంది. ఇది రెండు యంత్రాల్లోనూ ఇన్‌స్టాల్ అయి ఉండాలి. విండోస్‌లో నేరుగా ఉండదు, డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపల లినక్స్ నడిపే సౌకర్యం) పెట్టుకుని అందులో వాడుకోవచ్చు. మ్యాక్‌తో చాలా ఏళ్లపాటు 2006 నాటి 2.6.9 వెర్షనే వచ్చింది కాబట్టి, కొత్త ఆప్షన్లు కావలసినవారు హోమ్‌బ్రూ (మ్యాక్‌లో ప్రోగ్రాములు ఇన్‌స్టాల్ చేసే సాధనం) ద్వారా తాజా వెర్షన్ తెచ్చుకోవాలి.

రోజువారీ కమాండ్ ఇది. ఇందులో ఏ, వీ చిన్నవి, పీ మాత్రం క్యాపిటల్:

ఆర్‌సింక్ -ఏవీపీ సైట్/ యూజర్@సర్వర్:/వార్/డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ/సైట్/

ఏ అంటే లోపలి ఫోల్డర్లతో సహా, తేదీలూ పర్మిషన్లూ లింకులూ చెడకుండా కాపీ చేయడం. వీ అంటే చేస్తున్నదాన్ని చూపించడం. క్యాపిటల్ పీ అంటే ఎంత వెళ్లిందో చూపిస్తూ, మధ్యలో ఆగితే వెళ్లిన ముక్కను పారేయకుండా ఉంచడం. అదే కమాండ్‌ను మళ్లీ ఇస్తే ఆగిన చోటి నుంచి పని సాగుతుంది. జడ్ చేరిస్తే కుదించి పంపుతుంది. లాగ్‌లు, కోడ్ లాంటి టెక్స్ట్ ఫైళ్లకు అది మంచిదే గానీ, ఫొటోలు, వీడియోలు, జిప్ ఫైళ్లు ముందే కుదించినవి కాబట్టి వాటికి ప్రాసెసర్ శ్రమ తప్ప లాభం ఉండదు.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసినది మూలం చివరి గీత. మూలాన్ని సైట్/ అని గీతతో ముగిస్తే ఆ ఫోల్డర్‌లో ఉన్నవి గమ్యంలోకి వెళ్తాయి. గీత లేకుండా సైట్ అని ఇస్తే ఫోల్డరే గమ్యం లోపల చేరుతుంది. పై కమాండ్‌లో గీత మరిచిపోతే సర్వర్‌లో సైట్ లోపల మరో సైట్ తయారవుతుంది, వెబ్‌సైట్ మాత్రం పాతదే కనిపిస్తూ ఉంటుంది. గమ్యం చివరి గీతకు ఫోల్డర్ల విషయంలో ఇంత ప్రభావం లేదు.

ఇక్కడ తొలగించిన ఫైళ్లు అక్కడా పోవాలంటే రెండు హైఫన్ల తర్వాత డిలీట్ అనే ఆప్షన్ ఇస్తాం. ఇది శక్తిమంతమైనది, అంతే ప్రమాదకరమైనది. మూలం దగ్గర పొరపాటున ఖాళీ ఫోల్డర్ ఇస్తే, గమ్యాన్ని కూడా ఖాళీ చేయడమే తన పని అనుకుంటుంది. బ్యాకప్ డ్రైవ్ మౌంట్ కాని (సిస్టమ్‌కు జతపడని) రోజున ఆ ఫోల్డర్ ఖాళీగానే కనిపిస్తుందని గుర్తుంచుకోండి. అందువల్ల డిలీట్ వాడే ప్రతిసారీ ముందు హైఫన్ ఎన్ చేర్చి ఒకసారి నడపండి:

ఆర్‌సింక్ -ఏవీఎన్ --డిలీట్ సైట్/ యూజర్@సర్వర్:/వార్/డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ/సైట్/

ఈ ఉత్తుత్తి పరుగులో ఏదీ మారదు, ఏవి వెళ్తాయో ఏవి పోతాయో జాబితా వస్తుంది. డిలీటింగ్ అనే మాటతో మొదలయ్యే వరుసలను చివరిదాకా చదవండి. అక్కడ సందర్శకులు అప్‌లోడ్ చేసిన చిత్రాల ఫోల్డర్ లాంటిది కనిపిస్తే, అది మీ కంప్యూటర్‌లో లేదు కాబట్టి చెరిగిపోబోతోందని అర్థం. --ఎక్స్‌క్లూడ్ తర్వాత ఆ ఫోల్డర్ పేరు ఇస్తే దాని జోలికి వెళ్లదు. జాబితా అంతా సరిగ్గా ఉందని నమ్మకం కుదిరాకే ఎన్ తీసేసి అసలు కమాండ్ ఇవ్వాలి.

ఆర్‌సింక్ ముందు గమ్యంలో తాత్కాలిక పేరుతో ఫైలు రాసి, పూర్తయ్యాక అసలు పేరుకు మారుస్తుంది. నడుస్తున్న వెబ్‌సైట్ మీద పనిచేసేటప్పుడు సందర్శకులకు సగం ఫైలు కనిపించకుండా ఉండటానికి ఈ పద్ధతి ఎంతో తోడ్పడుతుంది. అయితే ఆ కాసేపు పాతదీ కొత్తదీ రెండూ డిస్క్ మీద ఉంటాయి కాబట్టి, 40 జీబీ ఫైలును తాజా చేయాలంటే అంతకు తగిన ఖాళీ స్థలం ఉండాలి. సర్వర్‌లో డీఎఫ్ -హెచ్ అనే కమాండ్‌తో అది ముందే చూసుకోవచ్చు.

చిన్న ఫైళ్లు వేల సంఖ్యలో ఉంటే

సెకనుకు 100 మెగాబిట్ల కనెక్షన్ అంటే సెకనుకు 12.5 మెగాబైట్లు, కాబట్టి 10 జీబీ ఫైలు ఒక్కటే అయితే సుమారు 13 నిమిషాల పైన పడుతుంది. ఇంటి కనెక్షన్లలో అప్‌లోడ్ వేగం డౌన్‌లోడ్ కంటే తక్కువగా ఉండవచ్చు, పంపేటప్పుడు అప్‌లోడ్ వేగాన్నే లెక్కలోకి తీసుకోవాలి. అయితే చిన్న ఫైళ్ల విషయంలో ఈ లెక్క పనికిరాదు. మీకూ సర్వర్‌కూ మధ్య ఒక మాట వెళ్లి రావడానికి 50 మిల్లీసెకన్లు పడుతుందనుకుందాం. ఒక్కో ఫైలుకు ఒక్కసారి వెళ్లి వచ్చినా, 20,000 ఫైళ్లకు 1,000 సెకన్లు, అంటే 16 నిమిషాల పైన, ఎదురుచూపులకే పోతాయి. ఎస్‌సీపీతో పెద్ద ఫోల్డర్ పంపితే నత్తనడకన సాగడానికి కారణం ఇదే. ఇటుకలను ఒక్కొక్కటిగా మోసే బదులు బండికెత్తినట్టు, అన్నిటినీ టార్‌తో ఒకే ప్రవాహంగా మార్చి పంపితే ఆ ఎదురుచూపు తప్పుతుంది:

టార్ -సీజడ్‌ఎఫ్ - సైట్ | ఎస్ఎస్‌హెచ్ యూజర్@సర్వర్ "టార్ -ఎక్స్‌జడ్‌ఎఫ్ - -సీ /వార్/డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ"

చివరి సీ మాత్రం క్యాపిటల్. ఎడమ వైపు టార్ కట్ట కడుతుంది, నిలువు గీత దాన్ని ఎస్ఎస్‌హెచ్‌కు అందిస్తుంది, సర్వర్‌లోని టార్ అక్కడికక్కడే విప్పుతుంది. మధ్యలో ఎక్కడా తాత్కాలిక ఫైలు తయారు కాదు. నెట్ పోతే మాత్రం మొదటికొస్తుంది. మొదటి విడత ఇలా పంపి, ఆ తర్వాత తేడాలను ఆర్‌సింక్‌తో సరిచేసుకోవడం మంచి పద్ధతి.

పర్మిషన్లు, ఫైళ్ల పేర్లు

/వార్ లేదా /ఈటీసీ లోపలికి నేరుగా పంపబోతే పర్మిషన్ డినైడ్ అని వస్తుంది. మామూలు యూజర్‌కు అక్కడ రాసే హక్కు లేకపోవడమే కారణం. రూట్‌గా (సర్వాధికారాలూ ఉన్న యూజర్‌గా) లాగిన్ కావడానికి ప్రయత్నించకండి. ముందు హోమ్ ఫోల్డర్‌కు పంపి, తర్వాత సర్వర్‌లో సూడో ఎంవీతో (రూట్ అధికారంతో జరిపే కమాండ్‌తో) అసలు చోటికి జరిపి, సీహెచ్‌ఓన్‌తో సరైన యజమానిని పెట్టండి. వెబ్ ఫైళ్లకు సాధారణంగా 644, ఫోల్డర్లకు 755 సరిపోతాయి. పని జరగడం లేదని 777 పెట్టడం అంటే ఆ యంత్రంలోని ప్రతి ప్రోగ్రాముకూ రాసే హక్కు ఇవ్వడమే. రెడ్‌హ్యాట్ కుటుంబానికి చెందిన సర్వర్లలో ఇవన్నీ సరిగ్గా ఉన్నా వెబ్ సర్వర్ ఫైలును చదవలేకపోతే ఎస్ఈలినక్స్ అనే అదనపు భద్రతా వ్యవస్థ ఫైలుకు పెట్టే గుర్తు పాతదే ఉండిపోయిందని అనుమానించాలి. హోమ్ నుంచి ఎంవీతో జరిపినప్పుడు ఆ గుర్తు వెంట వస్తుంది, రీస్టోర్‌కాన్ కమాండ్ దాన్ని సరిచేస్తుంది.

విండోస్‌లో రాసిన స్క్రిప్టు సర్వర్‌లో బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్ అని తిరస్కరణకు గురైతే, వరుసల చివర విండోస్ పెట్టే అదనపు అక్షరమే దానికి కారణం. డాస్2యూనిక్స్ అనే సాధనం దాన్ని తీసేస్తుంది. అలాగే విండోస్‌లో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా లేకుండా తెరుచుకునే ఫైలు, లినక్స్‌లో పేరు అక్షరం పొల్లుపోకుండా ఇస్తేనే దొరుకుతుంది.

తెలుగులో పేర్లు పెట్టేవారు ఒక పరిమితిని గమనించాలి. లినక్స్ ఫైల్ సిస్టమ్‌లలో సాధారణంగా పేరుకు గరిష్ఠంగా 255 బైట్లు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి, గుణింతపు గుర్తులనూ పొల్లునూ విడివిడిగా లెక్కించాలి. లక్ష్మి అనే పేరు చూడటానికి రెండక్షరాలే గానీ, అందులో 7 సంకేతాలు, 21 బైట్లు ఉన్నాయి. అంటే మొత్తం పేరుకు 85 సంకేతాలే దక్కుతాయి. విండోస్ బైట్లను కాక యూటీఎఫ్-16 ప్రమాణాలను లెక్కపెడుతుంది కాబట్టి అక్కడ హాయిగా నిలిచిన పొడవైన తెలుగు పేరు, సర్వర్‌కు పంపేసరికి ఫైల్ నేమ్ టూ లాంగ్ అని ఆగిపోతుంది. వ్యాసం శీర్షిక మొత్తాన్నీ ఫైలు పేరుగా పెట్టే అలవాటు ఉన్నవారికి ఇది తప్పక ఎదురవుతుంది.

చేరినదాన్ని సరిచూడడం

దారిలో ఉండగా ఒక బిట్ తారుమారైనా ఎస్ఎస్‌హెచ్ పట్టుకుని కనెక్షన్ తెంచేస్తుంది. కాబట్టి పాడైన ఫైళ్లకు కారణాలు మామూలుగా వేరే ఉంటాయి: మధ్యలో ఆగిపోవడం, డిస్క్ నిండిపోవడం, పంపుతుండగా మూలం మారిపోవడం. ఒక ఫైలు అయితే రెండు వైపులా ఎస్‌హెచ్ఏ-256 (ఫైలు లోపలి సమాచారం నుంచి వచ్చే గుర్తింపు సంకేతం) లెక్కించి పోల్చాలి. సర్వర్‌లో ఎస్‌హెచ్ఏ256సమ్, మ్యాక్‌లో షాసమ్ -ఏ 256, విండోస్ పవర్‌షెల్‌లో గెట్-ఫైల్‌హ్యాష్ ఈ పని చేస్తాయి. వచ్చే 64 అంకెల, అక్షరాల వరుస రెండు చోట్లా ఒకటే కావాలి. విండోస్ దాన్ని పెద్ద అక్షరాల్లో చూపిస్తుంది, అది తేడా కిందికి రాదు.

ఫోల్డర్ మొత్తాన్ని సరిచూడటానికి ఆర్‌సింక్ చాలు. మామూలుగా అది ఫైలు పరిమాణం, మారిన సమయం మాత్రమే పోల్చుతుంది. హైఫన్ సీ చేరిస్తే లోపలి సమాచారాన్నే పోల్చుతుంది. దాన్ని ఉత్తుత్తి పరుగుతో కలిపి, ఆర్‌సింక్ -ఏవీఎన్‌సీ అని మూలం, గమ్యం ఇస్తే తేడా ఉన్న ఫైళ్ల పేర్లు వస్తాయి, ఏ పేరూ రాకపోతే మూలంలోని ఫైళ్లన్నీ గమ్యంలోనూ అలాగే ఉన్నాయి. ఫైళ్లన్నిటినీ రెండు వైపులా చదవాలి కాబట్టి సమయం పడుతుంది. అసలు ప్రతిని చెరిపేసే ఉద్దేశం ఉంటే ఆ సమయం వెచ్చించక తప్పదు.

నడుస్తున్న డేటాబేస్ ఫైళ్లకు ఈ పరీక్ష కూడా భరోసా ఇవ్వదు. కాపీ జరుగుతుండగానే అవి మారుతుంటాయి, చేరిన నకలు తెరుచుకోకపోవచ్చు. మైఎస్‌క్యూఎల్‌కు మైఎస్‌క్యూఎల్‌డంప్, పోస్ట్‌గ్రెస్‌కు పీజీ_డంప్‌తో ముందు ఒక ఫైలుగా తీసి, ఆ ఫైలును పంపండి.

పని ఆగినప్పుడు

కనెక్షన్ రెఫ్యూజ్డ్ అంటే సర్వర్ దాకా వెళ్లారు గానీ ఆ పోర్టులో ఎస్ఎస్‌హెచ్ లేదు, పోర్టు సంఖ్య సరిచూడండి. టైమ్‌డ్ అవుట్ అంటే చిరునామా తప్పు, లేదా దారిలో ఫైర్‌వాల్ అడ్డుపడింది. పర్మిషన్ డినైడ్ పక్కన పబ్లిక్‌కీ అనే మాట ఉంటే కీ కుదరలేదు. ఎస్ఎస్‌హెచ్ కమాండ్‌కు హైఫన్ చిన్న వీ చేర్చి నడిపితే ఏయే కీలు ప్రయత్నించిందో వరుసగా చెబుతుంది. నో స్పేస్ లెఫ్ట్ అని వచ్చి, డీఎఫ్ -హెచ్‌లో ఖాళీ కనిపిస్తుంటే డీఎఫ్ -ఐ చూడండి. చిన్న ఫైళ్లు లెక్కకు మించి చేరి ఐనోడ్‌లు (ఒక్కో ఫైలుకు ఒకటి చొప్పున పట్టే నమోదులు) అయిపోతే కూడా ఇదే సందేశం వస్తుంది.

బదిలీ ముగిసి, సరిచూడటం పూర్తయ్యాక, మధ్యలో సర్వర్‌లో పెట్టిన టార్, జిప్, డేటాబేస్ డంప్ ఫైళ్లను తొలగించండి. ముఖ్యంగా వెబ్ ఫోల్డర్ లోపల బ్యాకప్.జిప్ లాంటి సులువైన పేరుతో వదిలేసిన ఫైలును చిరునామా ఊహించగలిగిన ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, అందులో మీ డేటాబేస్ పాస్‌వర్డ్ కూడా ఉండవచ్చు. ఆ ఫోల్డర్‌లో ఎల్‌ఎస్ -ఎల్ఏ నడిపి, అక్కడ ఉండవలసినవి మాత్రమే మిగిలాయని చూసుకున్న తర్వాతే లాగ్అవుట్ కండి.